మబ్బు రంగు అక్షరాలు

వెబ్ డెవలపర్ కావడానికి తప్పనిసరి నైపుణ్యాలు ఇరవై మూడని ఎవరో పెద్దమనిషి వీడియోలో సెలవిచ్చాడు. ఇంకేముంది, మనవాడు ఆ జాబితాను అచ్చు తీయించి మంచానికెదురుగా గోడకు అంటించాడు. ఏడాదిన్నర తిరిగేసరికి ఇరవై రెండింటి పక్కన టిక్కులు పడ్డాయి. మిగిలిందల్లా ఒక్కటే, సైటు వాడేవాళ్ళతో మాట్లాడటం. దానికి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరని తెలిసి వదిలేశాడు. ఇంట్లోవాళ్ళు వెబ్బాబు అని పిలవడం మొదలుపెడితే అది గౌరవమనుకున్నాడు పాపం.

సరిగ్గా అప్పుడే వాళ్ళ పిన్నికి చిక్కొచ్చి పడింది. ఆమెది కళ్ళద్దాల దుకాణం. ఇరవై ఏళ్ళుగా మెయిన్ రోడ్డు మీదున్న ఆ దుకాణాన్ని, భవనం కూలగొడతామని చెప్పి ఖాళీ చేయించారు. కొత్త గది వెనక సందులో, మేడ మీద. పాత చోట ఆమె పెట్టించిన బోర్డు కాస్తా మట్టితో పాటు లారీ ఎక్కి వెళ్ళిపోయింది. పాత ఖాతాదారులు అక్కడిదాకా వచ్చి, మట్టిదిబ్బ చూసి, దుకాణం ఎత్తేశారనుకుని తిరిగి వెళ్తున్నారు. నాలుగు నెలలు చూస్తానంది పిన్ని. అప్పటికీ మనుషులు ఇటు దారి పట్టకపోతే మూసేసి, ఏదో పెద్ద షోరూములో ఫ్రేములు తుడిచే పనికి వెళ్ళాలి. ఇన్నేళ్ళు తన కుర్చీలో తాను కూర్చున్న మనిషికి అంతకంటే నగుబాటు ఏముంటుంది?

"జనం దుకాణం పేరు ఫోన్లో వెతుకుతారటరా. వెతికితే మనం ఎక్కడున్నామో తెలియాలి. అంత సైటు చేసిపెట్టు చాలు" అంది.

"రెండు రోజుల పని పిన్నీ" అన్నాడు వెబ్బాబు.

మొదటి నెల సైటు దేంతో కట్టాలో తేల్చుకోవడానికే సరిపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఆన్‌లైన్లో దాని మీద యుద్ధాలు చేశాడు. రెండో నెలంతా లోగో గీశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పటికి సైటులో ఒక్క అక్షరం లేదు. మూడో నెలలో ఒక గుడ్లగూబ ఎగిరొచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని కన్ను కొట్టే బొమ్మ తయారైంది. ఆ కన్ను కొట్టడం చూసి అతనే పదిసార్లు మురిసిపోయాడు.

సైటు తెరిచి రెండు వారాలైంది. ఒక్క పాత మనిషీ రాలేదు.

"మూడొందల మంది చూశారు పిన్నీ, లెక్క కనపడుతోంది" అన్నాడు దుకాణానికి వచ్చి.

"చూసినవాళ్ళు మెట్లెక్కలేదేం?"

పిన్ని అతన్ని పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టింది. కళ్ళు పరీక్షించే బరువైన ఇనుప ఫ్రేము ముక్కు మీద పెట్టి, రెండు దళసరి అద్దాలు అందులోకి దించి, తన ఫోను చేతికిచ్చింది.

"మన పాత ఖాతాదారు టీచరమ్మగారికి నేనిచ్చిన అద్దాలు తీసేస్తే లోకం ఇలాగే ఉంటుంది. ఇప్పుడు నా అడ్రసు చదువు."

వెబ్బాబు చూశాడు. అంతా తెలుపు. తెలుపు మీద పాలిపోయిన మబ్బు రంగులో చీమల బారులాంటిదేదో ఉంది. బటన్ అనుకుని ఒకచోట నొక్కితే గుడ్లగూబ మళ్ళీ ఎగిరొచ్చింది.

"అడ్రసు కింద ఉంటుంది పిన్నీ."

"ఎంత కింద?"

"మా ప్రయాణం అని ఒక పేజీ ఉంది. దాని చివర."

"నా ప్రయాణం ఎవరడిగార్రా? వెనక సందులోకి వచ్చాను, అంతేగా."

"అక్షరాలకు ఇప్పుడు ఈ రంగే ఫ్యాషన్. కళ్ళు బాగున్నవాళ్ళకి..."

"కళ్ళు బాగున్నవాళ్ళు నా దగ్గరికెందుకొస్తార్రా నాన్నా?"

ఆమె కోప్పడి ఉంటే వాదించేవాడే. ఆమె గొంతులో అలసట తప్ప ఇంకేమీ లేదు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. ఫ్రేము తీయకుండానే అడిగాడు.

"ఫోన్ చేసేవాళ్ళు నిన్ను ముందేం అడుగుతారు పిన్నీ?"

"ఎక్కడ అని. తర్వాత, మెట్లెన్ని అని."

ఫ్రేము తీసేసి, అక్కడే కూర్చుని గుడ్లగూబను, ప్రయాణాన్ని, లోగోను తీసి అవతల పారేశాడు. తెల్లటి తెర మీద నల్లటి లావు అక్షరాల్లో నాలుగే వాక్యాలు మిగిలాయి. దుకాణం మూసెయ్యలేదు. ఫలానా చోటికి మారింది. పద్నాలుగు మెట్లు. ఫోన్ చేస్తే కిందికొచ్చి తీసుకెళ్తాం. పట్టింది అరగంట.

ఐదో రోజున టీచరమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"మూడుసార్లు మట్టిదిబ్బ దాకా వచ్చి వెళ్ళానమ్మా. నువ్వు ఊరే వదిలేశావనుకున్నాను. మా వీధిలో ఇంకా నలుగురు నీకోసం వెతుకుతున్నారు, చెప్తాను వాళ్ళకి."

పిన్ని ఆమె చేయి పట్టుకుని వదల్లేదు. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"మా మనవరాలు మాత్రం నవ్విందమ్మా" అంది టీచరమ్మ కుర్చీలో సర్దుకుంటూ. "ఈ సైటులో ఏమీ లేదు, ఎవరో చేతకానివాళ్ళు చేశారంది."

"ఏమీ లేకుండా చేయడానికి మావాడికి మూడు నెలలు పైనే పట్టింది టీచరమ్మా" అంది పిన్ని.

వెబ్బాబు ఆ మాట పట్టించుకునే స్థితిలో లేడు. కింద మెట్ల దగ్గర ఎవరిదో దగ్గు వినపడితే, చేయందించడానికి అప్పటికే దిగుతున్నాడు.