సబ్బు నీళ్ళలో తమలపాకు

నేను ఒక చెంబును మాత్రం కాను. ఆ సంగతి ముందే తేల్చేసుకుందాం. చెంబుకు మూతి సాగి ఉండదు, నాకు ఉంది; పాలు దారంలా జారేటట్టు కొసన సన్నగా ఉంటుంది. పక్కన పిడి ఉంది. కాఫీ మీద పాలతో బొమ్మలు పోయడానికే నన్ను పుట్టించారు. అయినా ఈ కాకినాడలో నన్ను చూసినవాళ్ళందరూ ‘చెంబు బావుందే’ అంటారు. ఏం చేస్తాం, నా ఖర్మ.

నేను పుట్టింది ఒక స్టీలు కార్ఖానాలో. రేకుగా ఉన్నప్పటి కబుర్లు నాకు గుర్తులేవు. నా మొదటి జ్ఞాపకం, నన్ను రుద్ది మెరుగు పెట్టిన ఒక ఆడమనిషి చెయ్యి. ఆమె నన్ను ఎత్తి పట్టుకుని తదేకంగా చూస్తే, నా అందానికి మురిసిపోతోందనుకున్నాను. నాలో తన మొహం చూసుకుని, కొప్పు సర్దుకుని, నన్ను అట్టపెట్టెలో పడేసింది. మనుషుల సంగతి నాకు ఆనాడే కొంత అర్థమైంది.

అక్కణ్ణించి విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా కొత్తగా తెరిచిన కాఫీ హోటలుకు వెళ్ళాను. నా బతుకులో దర్జాగా గడిచిన రోజులు అవే. అక్కడి జనం బొమ్మ వేసిన కాఫీ రాగానే ఫోటో తీసేవారు. అది బాగా రాలేదని మళ్ళీ తీసేవారు. తరవాత కప్పు పక్కన తమ మొహం పెట్టి ఇంకోటి తీసేవారు. ఈలోగా కాఫీ చల్లారేది. చల్లారిపోయిన కాఫీ ఇచ్చారని హోటలు వాళ్ళ మీద ఎగిరేవారు. ఏడాది తిరక్కుండానే ఆ హోటలు మూతపడింది. కుర్చీలు ఒక లారీలో, మేమంతా ఒక గోనెసంచిలో బయలుదేరాం. నేను తేలింది కాకినాడలో, పాత సామాన్ల కొట్టులో, సొట్టలు పడ్డ బిందెల మధ్యన.

అక్కడ నన్ను చేతిలోకి తీసుకున్నవాడు పేర్రాజు. యాభై ఎనిమిదేళ్ళవాడు, బక్కపలచటి మనిషి. ఆయన నాలో మొహం చూసుకోలేదు. నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా గాలి పీల్చాడు. తరవాత మొహం చిన్నబుచ్చుకున్నాడు. దుమ్ము వాసన నచ్చలేదు కాబోలనుకున్నాను. అసలు సంగతి ఇంటికెళ్ళాక తెలిసింది.

పేర్రాజు మెయిన్ రోడ్డు మీది కాఫీ పొడి కొట్టులో ముప్పై రెండేళ్ళపాటు గింజలు వేయించాడు. పెద్ద డ్రమ్ములో గింజలు తిరుగుతుంటే పక్కన నిలబడేవాడు. గడియారం జోలికి పోయేవాడు కాదు. ఒక్కసారి ముక్కెత్తి గాలి పీల్చి ‘దించెయ్యండి’ అనేవాడు. కాస్త ముందయితే పచ్చి, కాస్త దాటితే మాడు. ఆయన మాటకు కొట్టు యజమాని కూడా ఎదురు చెప్పేవాడు కాదట. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే ఆ డ్రమ్ము వైపు చెయ్యి చూపించేవాడట. వాళ్ళు నవ్వేవారు. ఆయన నిజమే చెప్పాడని వాళ్ళకు తోచేది కాదు.

రెండేళ్ళ కిందట ఆయనకు జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ఆయన ముక్కుకున్న వాసన కాస్తా పట్టుకుపోయింది. అల్లం నలిపి చూసుకున్నాడు, కర్పూరం చూసుకున్నాడు, చివరికి ఎండు చేపలు కూడా చూసుకున్నాడు. ఏమీ లేదు. ఒకనాడు డ్రమ్ము నిండా గింజలు మాడి బొగ్గయిపోయాయి, ఈయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఏదో పరధ్యానంలో జరిగిందని అందరూ సరిపెట్టుకున్నారు. మర్నాడే మోకాళ్ళ నొప్పులని చెప్పి పని మానేశాడు. కొట్టువాళ్ళు శాలువా కప్పారు. ‘ఈయన ముక్కుకు దణ్ణం పెట్టాలి’ అని యజమాని మైకులో అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ శాలువా ఇప్పటికీ కవరులోంచి బయటికి రాలేదు.

ఇదంతా నాకెలా తెలుసంటారా? ఆయనే చెప్పాడు. ఒంటరిగా ఉండేవాళ్ళు గిన్నెలతో మాట్లాడతారు. బయట ఎవరితోనూ అనలేని మాటలే మాతో అంటారు.

“రుచీ పోయింది, వాసనా పోయింది. కళ్ళు మిగిలాయి కదరా!” అన్నాడు ఓ పొద్దున్న నన్ను తోముతూ. అలా మొదలైంది బొమ్మల కాఫీ. ఫోనులో వీడియోలు చూసేవాడు. బ్యాటరీతో తిరిగే చిన్న కవ్వం ఒకటి కొన్నాడు. మొదటిరోజే నన్ను పాలతో పొయ్యి మీద పెట్టేసి, పక్కనే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నా అడుగు మాడుతోంది. పొగ కంటికి కనబడ్డాక గానీ లేవలేదు. ఎంత కోపమొచ్చిందో నాకు! ఆయన ముక్కు సంగతి గుర్తొచ్చాక ఆ కోపం ఎటుపోయిందో. నల్లమచ్చ మాత్రం నా అడుగున ఇప్పటికీ ఉంది.

నేర్చుకోవడం అంత తేలికేమీ కాదు. పాలు మరగకూడదు, అరచెయ్యి నాకు ఆనించి, ఇక పట్టుకోలేను అనిపించినప్పుడు దించాలి. నురగ బుడగలు బుడగలుగా కాకుండా, గోడకు వేసే రంగులా నున్నగా మెరవాలి. చిక్కటి డికాషన్ మీద ముందు ఎత్తు నుంచి పోసి, కప్పు సగం నిండాక నా మూతి తగిలేంత కిందికి దించాలి. అప్పుడు తెల్లటిది పైకి తేలుతుంది. మొదటి రెండు నెలలూ కప్పులో తేలింది ఒట్టి మబ్బుతునకే. మూడో నెలలో ఒక ఆకారం వచ్చింది. దాన్ని వీడియోలో హార్టు అన్నారు. పేర్రాజు మాత్రం తమలపాకు అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ బ్రహ్మచారి పొద్దున్నే ఒక్కడూ కూర్చుని హార్టు పోసుకున్నాడంటే వినేవాళ్ళకేం బావుంటుంది?

తమలపాకు బాగా కుదిరిన రోజు ఆయన్ని చూడాలి. కప్పు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళేవాడు, వీధిలో ఎవరైనా కనబడితే పిలిచి చూపిద్దామని. తీరా ఎవరైనా కనబడితే గుండె జారేది. వాళ్ళు తాగి, ‘పొడి ఎలా ఉందో మీరు చెప్పండి మాస్టారూ’ అంటే ఏం చెబుతాడు? ముక్కు పోయిందని తెలిస్తే ఊళ్ళో ఆయనకు మిగిలిన పేరు కూడా పోతుంది. వెనక్కి వచ్చి బల్ల దగ్గర కూర్చునేవాడు. ఆకు అంచులు చెదిరి, కరిగి, కాఫీలో కలిసిపోయేదాకా చూసేవాడు. ఒక గుక్క తాగి “వేడినీళ్ళు” అనేవాడు. మిగతాది తొట్టిలో పారబోసేవాడు. ఆ చప్పుడు వింటే నాకు ఏడుపొచ్చేది.

ఇన్ని పాలు తొట్టిపాలు చెయ్యడం పాపమనిపించి ఓ ఉపాయం పట్టాడు. నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేసి చిలికితే అచ్చం పాల నురగలాగే వస్తుందని వీడియోలో చెప్పారు. అది నిజమే. వాడేసిన కాఫీ పిప్పి నీళ్ళ మీద సబ్బు నురగతో రోజుకు ఇరవై ఆకులు పోసేవాడు. ఆ సబ్బుది నిమ్మకాయ వాసనట, సీసా మీద బొమ్మ ఉంది. నాకూ వాసన తెలియదు లెండి, స్టీలుకు ఆ భాగ్యం లేదు. సబ్బు అంటుకుంటే ఒళ్ళంతా జారుడు జారుడుగా ఉంటుంది, అంతే.

ఒక శనివారం పొద్దున్న సబ్బు ఆకులు సాగుతుండగా తలుపు చప్పుడైంది. గుమ్మంలో సువార్తమ్మ గారు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పాతికేళ్ళుగా ప్రతి శనివారం కొట్టుకు వచ్చి పావుకిలో పొడి పట్టుకెళ్ళేవారు.

“కొట్టులో అడిగి కనుక్కుని వచ్చానండీ,” అన్నారావిడ కుర్చీలో కూర్చుంటూ. “మీరు మానేసిన దగ్గర్నుంచీ ఆ పొడి తాగలేకపోతున్నానండీ బాబూ. గడ్డి తాగినట్టుంటోంది. నాకోసం ఓ పావుకిలో వేపి పెడుదురూ.”

పేర్రాజు మొహం పాలిపోయింది. “మోకాళ్ళండీ, సిస్టరు గారూ. నిలబడలేను.”

“కూర్చునే వేపండి. కుర్చీ నేనేస్తాను.”

“ముందు కాఫీ తాగుదురు గానీ,” అని ఒక్క ఉదుటున వంటింట్లోకి వచ్చిపడ్డాడు. ఆ కంగారులో నాలోని సబ్బు నీళ్ళు వంపేశాడే గానీ, నన్ను కడగలేదు. సరాసరి పాలు పోసేశాడు. ఒరే నాయనా, ఆగరా అని నేను ఎంత మొత్తుకుంటే మాత్రం వినేదెవరు? నురగ మాత్రం మహా బాగా వచ్చింది. అంత చక్కటి ఆకును ఆయన అంతకుముందెప్పుడూ పొయ్యలేదు. కొస సన్నగా తిరిగింది.

“అయ్యబాబోయ్, తమలపాకండీ!” అన్నారు సువార్తమ్మ గారు. మురిపెంగా చూసి, ఒక గుక్క తాగారు. గుక్క గొంతులో ఆగింది. కప్పు వంక చూశారు. ఎదురుగా పేర్రాజు, పరీక్ష రాసి ఫలితాల కోసం నిలబడ్డవాడిలా ఉన్నాడు. ఆవిడ మందు తాగినట్టు కప్పంతా అడుగుదాకా తాగేశారు.

“ఎలా ఉందండీ?”

“వేడిగా ఉందండీ.” ఆవిడ లేచి, వంటింట్లోకి వచ్చి, నన్నెత్తి ఒకసారి వాసన చూశారు. నన్ను కింద పెట్టి అడిగారు. “పేర్రాజు గారూ, ఎన్నాళ్ళయింది?”

“ఏంటండీ?”

“వాసన పోయి.”

ఆయన వంటింటి గడప మీద కూలబడిపోయాడు. “రెండేళ్ళండీ. ఎవరికీ చెప్పకండి,” అన్నాడు.

“నేనెవరికి చెబుతానండీ? ఇంట్లో నేనూ, నాలుగు గోడలూనూ.”

“సబ్బని తెలిసీ అంతా ఎందుకు తాగేశారండీ, ఖర్మ కాకపోతే!”

“పాతికేళ్ళు మీ పొడి తాగాను. ఒక్క కప్పు సబ్బు తాగలేనేంటి?”

పేర్రాజు నవ్వాడు. నేను ఆ ఇంటికి వచ్చాక ఆయన నవ్వగా వినడం అదే మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూనే మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ ఊరుకోమనలేదు, బుజ్జగించలేదు. ఆయన ఏడ్చినంతసేపూ నన్ను మూడుసార్లు వేడినీళ్ళతో కడిగి, తుడిచి, బోర్లించారు.

తరవాతి శనివారం ఆవిడే పచ్చి కాఫీ గింజలు పట్టుకొచ్చారు. పేర్రాజు ఇనప మూకుడు పొయ్యి మీద పెట్టాడు. కళ్ళతో రంగు చూసుకున్నాడు, చెవితో చిటపటలు విన్నాడు. ముక్కు పని సువార్తమ్మ గారిది.

“చెప్పండి.”

“ఎండుగడ్డి కాలినట్టుందండీ.”

“పచ్చి ఇంకా. ఇప్పుడో?”

“పెనం మీద అట్టు కాల్తున్నట్టుంది.”

“ఊఁ. వస్తోంది. ఇప్పుడో?”

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. “ఇప్పుడు… మీ కొట్టు ముందునుంచి నడిచి వెళ్తున్నట్టుందండీ,” అన్నారు.

“అదే,” అని చటుక్కున మూకుడు దించేశాడు పేర్రాజు. ముప్పై రెండేళ్ళూ కొట్టు లోపలే ఉన్న మనిషి. బయట రోడ్డు మీద నడిచేవాళ్ళకు అది ఎలా ఉండేదో ఎవరూ ఆయనకు చెప్పలేదు. “అదేనండీ వాసన,” అని మళ్ళీ అన్నాడు గోడ వైపు తిరిగి.

ఆయన చేతి మరలో పొడి పట్టి ఇచ్చాడు. ఆవిడ పొట్లం పట్టుకుని, వచ్చే శనివారం వస్తానని చెప్పి వెళ్ళిపోయారు. ఇల్లు మళ్ళీ మామూలుగా అయిపోయింది.

మూకుట్లో గుప్పెడు గింజలు మిగిలాయి, ఇంకా వెచ్చగానే ఉన్నాయి. పేర్రాజు వాటిని నాలో పోశాడు. తలుపు వేసొచ్చి బల్ల దగ్గర కూర్చుని, మొహం నా మీదికి వంచి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. తరవాత తలెత్తి నా వంక చూశాడు.

“ఏం లేదురా,” అన్నాడు.

నాకూ ఏమీ తెలియలేదు. మళ్ళీ శనివారానికి ఇంకా ఏడు రోజులుంది. ఇద్దరం అలాగే కూర్చున్నాం.