ఓవెన్‌లో గరిటెల కొక్కెం

ఆ ఇంట్లో ఓవెన్ ఉన్నమాట నిజమే కానీ, దాన్ని వెలిగించిన పాపాన ఎవరూ పోలేదు. అత్తగారి లెక్కలో అది తలుపున్న గూడు. పళ్ళేలు, గరిటెలు, జోడీ తప్పిన మూతలు, అన్నిటి కాపురం అందులోనే. ఈరోజు కోడలు వాటన్నిటినీ బయటికి సాగనంపి, కేకుకి పిండి కలిపి, మీట తిప్పింది. అది అల్లాటప్పా కేకు కాదు మరి! వీధి చివర బేకరీ ఆవిడ సాయంత్రం రుచి చూడ్డానికి వస్తానంది. నచ్చిందా, ఉద్యోగం. పెళ్ళైన దగ్గర్నుంచీ కోడలు కలలు కంటున్న ఉద్యోగం.

ఓవెన్ కుయ్‌మంది. తెర మీద ఎర్రగా 'ఎఫ్ 3' అని వెలిగింది.

"ఎఫ్ అంటే ఫెయిలేమోనే," అన్నారు అత్తగారు తాపీగా.

"అత్తయ్యా, కాస్త మంచిమాట అనండి!" అంటూ కోడలు మెకానిక్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"మెయిన్ స్విచ్ ఆపేసి, కాసేపాగి వెయ్యండి మేడమ్," అన్నాడతను. వేసింది. మళ్ళీ కుయ్. మళ్ళీ ఎఫ్ 3. గిన్నెలో పిండేమో, ఇంకా ఆలస్యమైతే పొంగేది లేదని మొండికేసేలా ఉంది.

"సరే, మళ్ళీ మెయిన్ ఆపి లోపల చూడండి. వెనక గోడకి పెన్సిలంత కడ్డీ ఉంటుంది. వేడి ఎంతుందో కనిపెట్టేది అదే. వంగి గోడకి తగులుతోందా?"

కోడలు టార్చి పట్టుకుని ఓవెన్‌లో తల దూర్చింది. కడ్డీ పాపం, నడుం వంగి గోడకి చేరగిలబడి ఉంది.

"అయ్యో! ఇందాక గరిటెల గుత్తి తీసింది దీన్నుంచే కదూ!"

"ఆ కొక్కెం నుంచే," అన్నారు అత్తగారు. "ఎవడో గానీ బుద్ధిమంతుడు, గరిటెల కోసమే పెట్టాడు."

నవ్వీ నవ్వీ మెకానిక్‌కి పొలమారింది. కోడలికీ నవ్వాగలేదు. నవ్వితే తల ఓవెన్ పైకప్పుకి ఠప్పున కొట్టుకుంది, కొట్టుకుంటే ఇంకా నవ్వొచ్చింది.

"ఆ ఇకిలింపులేమిటి? నా గరిటెల బరువెంతని! ఇనుమే నాసిరకం!" అని కస్సుమన్నారు అత్తగారు.

మెకానిక్ చెప్పినట్టే కోడలు కడ్డీని మెల్లగా తిన్నగా సరిచేసింది. మెయిన్ వేసి మీట తిప్పింది. కుయ్ లేదు! ఎఫ్ లేదు! వేడి అంకెలు టకటకా ఎక్కుతున్నాయి. కోడలు అత్తగారి రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

"వదలవే, కళ్ళు తిరుగుతున్నాయి!" అంటూనే ఆవిడ ఓ చుట్టు ఎక్కువే తిరిగారు.

కేకు పొంగడమైతే పొంగింది కానీ, నడిమధ్య గుంట పడింది. దాన్ని ఏం చెయ్యాలో తోచేలోపే బేకరీ ఆవిడ వచ్చేసింది. చూసి పెదవి విరిచింది. కోడలికి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఈ గుంటేమిటమ్మా?" అంటూ ఆవిడ ఓ ముక్క కోసుకుంది.

కోడలు నోరు విప్పేలోపే అత్తగారు ముందుకొచ్చారు. "పిల్లనేమీ అనకండి. ఓవెన్ పాడుచేసింది నేను. పిండి అంతసేపు ఆగిపోయింది నావల్లే. తప్పు నాది."

కోడలు నోరు వెళ్ళబెట్టింది. ఈ ఇంట్లో పాలు పొంగితే తప్పు పొయ్యిది, గ్లాసు పగిలితే తప్పు నేలది. అత్తగారి నోట ఆ మాట వినడం ఇదే మొదలు. అదీ తన ఉద్యోగం కోసం! నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. అత్తగారిని గట్టిగా వాటేసుకుంది.

"ఏమ్మా, నిన్నే!" అంది బేకరీ ఆవిడ, రెండో ముక్క నములుతూ. "రేపట్నుంచి పనిలోకి రమ్మని రెండుసార్లు చెప్పాను. వినబడుతోందా?"