చేనంత ఎత్తు

వెంకటరావమ్మ మోకాళ్ల మీద కూర్చుని పిల్ల మడమలను కొలత చెక్కకు ఆనించింది. అంగన్‌వాడీలో ఆయాగా ఆమెకిది పంతొమ్మిదో ఏడు. నాలుగున్నర అడుగుల మనిషి. పిల్లల ఎత్తు చూడ్డానికి నువ్వు వంగనక్కర్లేదని ప్రత్తిపాడులో అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది.

తొంభై ఏడు సెంటీమీటర్లు. జాస్మిన్ టీచర్ ఫోన్లో ఎక్కించింది. తెర మీద ఎర్రగా ఒక ఇంగ్లీషు మాట వచ్చింది.

పిల్ల పేరు శ్రీరమ్య. ఆరో ఏడు నడుస్తోంది. తల్లి పుల్లమ్మ కర్నూలు వైపు నుంచి మిరపకాయల కోతకు వచ్చిన ముఠాలో కూలి. ఆ మాటేమిటని పుల్లమ్మ అడిగింది.

స్టంటెడ్ అని చదివి, గిడసబారిందని అర్థం చెప్పింది టీచర్. వెనకటి రోజుల్లో ఇంగ్లీషువాళ్లు ఆ మాటను మందబుద్ధులకు వాడేవారట. ఎదగని వాటికి వాడడం తర్వాత వచ్చిందట.

వెంకటరావమ్మ చెయ్యి చెక్క మీదే ఉండిపోయింది. రెండో తరగతిలో పంతులు ఆమెను వెనక వరుసకు పంపుతూ, మనిషెంతో బుర్రా అంతేనన్నాడు. ఆ ఏడే బడి మాన్పించారు. విత్తనాల పత్తిచేలో పూలకు పుప్పొడి అంటించడానికి ఆడపిల్లలు కావాలన్నారు. ఆసామి ఆమెను మొక్క పక్కన నిలబెట్టి, సరిగ్గా పూత ఎత్తున ఉందని మెచ్చుకున్నాడు. మందు కొట్టిన మర్నాడే చేలోకి దిగేవాళ్లు. కడుపులో తిప్పేది, అన్నం సయించేది కాదు. తోటి పిల్లలు మొక్కలను దాటి ఎదిగి వేరే పనులకు పోయారు. ఆమె దాటలేదు.

"పెరగకుంటే ఏమిలే అక్కా," అంది పుల్లమ్మ నేల చూస్తూ. "ఈసారి చేలోకి పిల్లను కూడా తెమ్మన్నాడు మేస్త్రీ. కింది కాయలకు వంగే పనే లేదంట."

"నాకూ ఆ మాటే చెప్పారమ్మా. నేనది గొప్పనుకున్నా." వెంకటరావమ్మ పిల్ల జుట్టు సర్దింది. "పన్లో పెట్టమాక. ఏ ఊరెళ్లినా సెంటరుంటది. అక్కడ కూర్చోబెట్టు."

పుల్లమ్మ పిల్లను అక్కడే వదిలి పనికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పిల్ల పప్పన్నం రెండోసారి అడిగి పెట్టించుకుని, ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకునే నిద్రపోయింది. వెంకటరావమ్మకు పిల్లల్లేరు. కోతలయ్యేదాకా నా దగ్గరుంచు అని అడగాలనుకుంది. ఆ మాటను మనసులో నాలుగైదు రకాలుగా అని చూసుకుంది.

నాలుగింటికి ట్రాక్టరు వచ్చి రోడ్డు మీద ఆగింది. ఇక్కడి కోత అయిపోయిందట. ముఠా దర్శి వైపు పోతోందట. పుల్లమ్మ దిగి లోపలికి వచ్చి, పిల్ల సంచీ సర్దుకుని, పిల్లను చంకనెత్తుకుని బయల్దేరింది. వెంకటరావమ్మ గుమ్మంలో పక్కకు తప్పుకుంది. అడగలేదు. తనలాంటి దాని దగ్గర ఎవరు వదిలిపెడతారనిపించింది. ట్రాక్టరు వెనక ట్రక్కులో ఆడవాళ్ల మధ్య పిల్ల తల కాసేపు కూడా కనిపించలేదు.

చాపలు చుట్టి, గదంతా ఊడ్చి, కిటికీ వెయ్యబోతే గూట్లో మడతపెట్టిన గుడ్డ కనిపించింది. పుల్లమ్మ మరిచిపోయిందో, కావాలని వదిలేసిందో తెలియదు. మిరపకాయల ఘాటుకు కోతవాళ్లు ముక్కుకు కట్టుకునే గుడ్డ అది. చిన్న ముఖానికి సరిపడా కత్తిరించి, నాలుగంచులూ కుట్టారు. ఇంకా ఒక్కసారి కూడా కట్టింది కాదు.