ఒకటీ యాభై లోకల్

ఆ ఏడు తబిత జట్టు వరసగా మూడు పోటీల్లో రెండో స్థానంలో నిలిచింది. రెండో స్థానం ఎంత చేదో మొదటి రౌండులో పోయినవాళ్ళకి తెలియదు. వాళ్ళు భోజనం పొట్లం తిని, నలుగురితో నవ్వి, ఎండ తగ్గకముందే ఇంటికి పోతారు. రెండోవాళ్ళు చివరిదాకా కూచోవాలి, గెలిచినవాళ్ళకి చప్పట్లు కొట్టాలి, ఒక నీళ్ళసీసా బహుమతిగా పుచ్చుకుని ఫోటోలో ఓ పక్కన నిలబడాలి. తబిత ఇంట్లో అలాంటి సీసాలు మూడు చేరాయి. వాళ్ళమ్మ ఎలీసమ్మ ఒకదాంట్లో వంటనూనె పోసుకుంది.

వాళ్ళది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ పక్కనున్న డిగ్రీ కాలేజీ. క్విజ్ జట్టంటే ముగ్గురు. తబిత కెప్టెను, చరిత్ర, పుస్తకాలు, దేశాల సంగతులు ఆమె చూసుకునేది. సినిమాలూ క్రికెట్టూ ఫణీంద్రవి. మిగిలిందంతా, అంటే సైన్సూ యంత్రాలూ లెక్కలూ, ఇందుది. ఉన్నమాట చెప్పుకోవాలంటే జట్టంటే ఇందూయే. ప్రశ్న సగం చదివేలోపే ఆ పిల్ల వేలు బజర్ మీద పడేది. ఈ సంగతి తబితకి బాగా తెలుసు. అయినా ఆమెకి ఇందు మీద అసూయ లేదు. చిన్నప్పట్నుంచి ఒక కంచంలో తిన్నవాళ్ళు. ఉన్నదల్లా ఆశ. ఆశ అసూయకంటే చెడ్డదని ఆమెకి అప్పటికి తెలియదు.

ఇందుని తయారుచేసింది కాలేజీ కాదు, వాళ్ళ నాన్న జగ్గారావు. వర్క్‌షాపులో ఫిట్టరు, పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. డ్యూటీ దిగి ఝపటాపూర్‌లో ఇంటికొచ్చి, చేతుల గ్రీజు సబ్బుతో రుద్దుకుంటూనే కూతుర్ని ప్రశ్నలడిగేవాడు. పేపర్లో చదివినవి కొన్ని, పై అధికారుల్ని అడిగి తెలుసుకున్నవి కొన్ని. జవాబు తనకే తెలియనివీ అడిగేవాడు. "నాకు తెలిస్తే నిన్నెందుకు అడుగుతానే?" అని దబాయించేవాడు. తల్లి జోగమ్మకి ఈ గోల బొత్తిగా గిట్టదు. ఆదివారం వచ్చేసరికి ఆడపిల్ల రైలెక్కి ఊళ్ళు పట్టుకు తిరగడమేమిటని సణిగేది. మొగుడు వినడు కాబట్టి ఊరుకునేది.

మూడుసార్లూ వాళ్ళని ఓడించింది ఊరి పక్కనే ఉన్న హిజ్లీ ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళే. మేదినీపూర్‌లో అయిదు పాయింట్లతో, హిజ్లీలో వాళ్ళ క్యాంపస్‌లోనే ఆఖరి ప్రశ్నతో, జంషెడ్‌పూర్‌లో ఏకంగా అరవైతో. పాపం మంచి పిల్లలే. ఓసారి ప్రేమ్ బజార్‌లో ఎదురుపడితే పిలిచి ఎగ్ రోల్ తినిపించారు. తబితకి ఆ ముద్ద గొంతు దిగలేదు. తిట్టి ఓడిస్తే పడి ఉండొచ్చు, తినిపించి ఓడిస్తే ఏం చెయ్యాలి?

ఆఖరి పోటీ ఫిబ్రవరిలో, కలకత్తాలో. తబితకి అది చివరి సంవత్సరం. పరీక్షలయ్యాక ఏ దుకాణంలోనో ఏ ప్రైవేటు బడిలోనో ఉద్యోగం వెతుక్కోవాలి. క్విజ్ అన్న మాట మళ్ళీ ఆమె బతుకులోకి రాదు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఫోటోలో మధ్యన నిలబడాలని ఉంది. ముందురోజు ప్రార్థనలో కూడా అదే అడిగింది. దేవుణ్ణి ఇలాంటివి అడగకూడదని వాళ్ళ పాస్టరు చెప్తూనే ఉంటాడు.

ఆదివారం పొద్దుటి రౌండ్లన్నీ దాటి ఫైనల్‌కి చేరారు. ఎదురుగా మళ్ళీ హిజ్లీ. ఫైనల్ రెండున్నరకి. పోటీ రోజున తబిత ఒక పద్ధతి పెట్టుకుంది. మనసులు చెదరకూడదని పొద్దున్నే మిగతా ఇద్దరి ఫోన్లూ తీసుకుని, కట్టేసి, తన సంచీలో పడేసేది. నిర్వాహకులు కెప్టెన్లకి కబుర్లు చెప్తుంటారు కాబట్టి తన ఫోను మాత్రం ఫైనల్ దాకా పనిచేస్తుంది. ఇందూ ఫణీంద్రా భోజనాల వరసలో నిలబడి ఉండగా, ఒంటిగంటా పదికి, ఆ ఫోను మోగింది. జోగమ్మ.

"అమ్మా తబితా, మా గుంట ఫోను మోగట్లేదు. దాన్ని బేగి పంపించీ. వాళ్ళ నాన్నకి గుండెల్లో నొప్పొచ్చినాది. ఆస్పత్రిలో సేర్చినాం."

"ఇప్పుడెలాగుంది పిన్నీ? మాట్లాడతన్నారా?"

"మాట్లాడతన్నాడు. దాన్నే అడగతన్నాడు. డాక్టరుబాబు ఏటీ తేల్చి సెప్పట్లేదు. నాకు బయంగా ఉందమ్మా. బేగి సెప్పీ దానికి."

"ఇప్పుడే చెప్తాను పిన్నీ. బయపడకు."

చెప్పాలనే అనుకుంది. అది నిజం. ఫోన్లో రైళ్ళ టైములు కూడా చూసింది. హౌరాలో ఒకటీ యాభైకి ఖరగ్‌పూర్ లోకల్ ఉంది. స్టేషన్‌కి టాక్సీలో ఇరవై నిమిషాలు. బండి అందుతుంది. తలెత్తి చూస్తే, వరసలో ఇందు ఖాళీ ప్లేటు పట్టుకుని ఫణీంద్రతో ఏదో అంటూ నవ్వుతోంది. ఆ పిల్ల వెళ్ళిపోతే ఇద్దరు మిగులుతారు. ఇద్దరున్న జట్టుని ఫైనల్ ఆడనివ్వరు. ఆ కుర్చీల్లోకి మూడో స్థానంవాళ్ళని పిలుస్తారు.

తప్పు చేయబోయే మనిషి లోపల ఒక వకీలు లేచి నిలబడతాడు. తబిత లోపలి వకీలు గట్టివాడు. మాట్లాడుతున్నాడంటే గండం గడిచినట్టేగా అన్నాడు. జోగమ్మ పిన్నికి ప్రతిదానికీ కంగారేగా అన్నాడు. జగ్గారావు బాబాయినే అడిగి చూడు, ఆడి గెలిచి రమ్మనడూ అన్నాడు. ఎంతలో పని, మూడు గంటల ఆలస్యం, అంతేగా అన్నాడు. అంతా విన్నాక తబిత వెళ్ళి వరసలో ఇందు వెనక నిలబడింది.

"ఫోనెవరే?" అంది ఇందు.

"మా యమ్మ. తిన్నావా అని."

రెండుంబావుకి తన ఫోను కూడా కట్టేసి సంచీలో పెట్టింది. రూలు ప్రకారమే చేసింది.

ఫైనల్లో తబిత తనకి కంఠతా వచ్చిన జవాబులే రెండు తప్పు చెప్పింది. "అరే బాబా, ఏటైనాది నీకు?" అని ఫణీంద్ర గొణిగాడు. బండిని లాక్కొచ్చిందంతా ఇందూయే. ఆఖరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానం. క్విజ్ మాస్టరు కాగితం తీసి, "ఓడ తెరచాప స్తంభం విరిగిపోకుండా ఆనించి కట్టే కొయ్యబద్ద పేరే దీనికీ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు..." అంటుండగానే బజర్ మోగింది.

"ఫిష్‌ప్లేట్" అంది ఇందు.

రెండు పట్టాలని కలిపి బోల్టులు బిగించే ఇనపబద్ద అది. రైల్వే కాలనీలో పెరిగిన పిల్లలంతా దాన్ని చూసినవాళ్ళే. ఆ పేరు ఎక్కడిదని అడిగినవాళ్ళు మాత్రం అరుదు.

గెలిచారు. హిజ్లీ కుర్రాళ్ళు లేచి మరీ చప్పట్లు కొట్టారు. ఫణీంద్ర బల్ల ఎక్కబోతే ఎవరో కిందికి లాగారు. ఇందు వచ్చి తబితని వాటేసుకుంది.

"నా ఫోనియ్యే, నాన్నకి చెప్పాల. ఓడా కొయ్యబద్దా కత ఆయనే చెప్పినాడు నాకు."

"ఫోటో అవనీ" అంది తబిత.

ఆ మాట ఎలా అనగలిగిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకే అంతుపట్టలేదు. ఫోటో తీశారు. తబిత మధ్యలోనే నిలబడింది. ఆ ఫోటో ఇంకా కాలేజీ గోడ మీద ఉంది. అందులో ఆమె అందరితోపాటు నవ్వుతూనే ఉంది, చూసినవాళ్ళకి ఏ తేడా కనపడదు.

గెలిచినవాడు ఇంటికి పోయి ఏడుస్తాడని మనవాళ్ళు అంటారు. కోర్టు వ్యాజ్యాల గురించి పుట్టిన సామెత గానీ, అన్నిచోట్లా చెల్లుతుంది. తబిత ఫోను తెరిచేసరికి జోగమ్మ చేసిన ఫోన్లు ఏడు కనిపించాయి.

"ఇందూ, మీ నాన్నకి బాగోలేదంట. ఆస్పత్రిలో ఉన్నారంట. ఇప్పుడే ఫోనొచ్చింది."

ఇప్పుడే అంది. లోపలి వకీలు కూడా ఆ మాటకి తల దించుకుని ఉంటాడు.

పరుగున వెళ్తే నాలుగూ ముప్పై అయిదు లోకల్ దొరికింది. ఇందు ఇంటికి ఫోన్ చేస్తూనే ఉంది. తల్లి ఎత్తలేదు. సాంత్రాగాచి దాటాక పక్కింటి నీలవేణి ఎత్తి, "బేగొచ్చీయమ్మా" అని పెట్టేసింది. తర్వాత ఇక ఎవరూ ఎత్తలేదు. ఫణీంద్ర షీల్డుని సీటు కిందికి తోసేశాడు. ఇందు ఏడవలేదు. కిటికీ ఊచ పట్టుకుని కూచుంది. చాలాసేపటికి, "గెలిచినామని మా యమ్మకి చెప్పినావా?" అని అడిగింది.

"లేదు."

"చెప్పకు. నాన్నకి నేనే చెప్తాను."

తబిత బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని, నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చింది. నిజం చెప్పేయాలని రెండుసార్లు వచ్చి ఎదురుగా కూచుంది. రెండుసార్లూ లేచి తలుపు దగ్గరికి పోయింది. ఆయన బతికుంటే చాలు, ఆ తర్వాత అన్నీ చెప్పేస్తానని మొక్కుకుంది. రెండ్రోజుల్లో ఆమె దేవుణ్ణి అడిగింది ఇది రెండోది.

ఝపటాపూర్ సందులోకి మలుపు తిరిగేసరికి ఏడున్నర. ఇంటి ముందు అరువు కుర్చీలు వేసి ఉన్నాయి. గుమ్మం దగ్గర చాలా చెప్పులున్నాయి. ఇందు ఆటో ఆగకముందే దూకింది.

జగ్గారావుని ముందుగదిలో చాప మీద పడుకోబెట్టారు. తలాపున దీపం పెట్టారు. కూతుర్ని చూసి జోగమ్మ గుండెలు బాదుకోలేదు, దగ్గరికి తీసుకోలేదు. కూచున్నచోటే కూచుని తలెత్తింది.

"ఇప్పుడా వచ్చినావు? ఆట అయిపోనాదేటి? గెలిచినావేటి?"

"అమ్మా..."

"మద్దేనం ఒంటిగంటకి కబురెడితే ఇప్పుడా వచ్చేది?"

"ఒంటిగంటకేటి?" అంది ఇందు.

"నటించకే. నువ్వొచ్చేస్తన్నావనే ఆయనకి సెప్పినాను. అయితే ఒకటీ యాబై లోకల్లో ఎక్కుంటాదన్నాడు. ఆయనకి తెలీని బండా? మంచం మీంచే నడిపినాడే బండిని. ఈపాటికి ఉలుబేరియా దాటుంటాది. ఈపాటికి మేచెదా. పాంశ్‌కుడాలో జనం దిగుతారు, అక్కడ దానికి కూకోడానికి సోటు దొరుకుతాది. ఇలాగే. నొప్పొచ్చినప్పుడు ఆగడం, తగ్గినాక మళ్ళా స్టేషను పేరు సెప్పడం. జక్‌పూర్ వచ్చీసిందన్నాడు. తలుపేపు తిరిగి పడుకున్నాడు. నర్సమ్మ తిన్నగా పడుకోమంటే ఇనలేదు. నాలుగున్నరైనాది. నువ్వు రాలే. సర్లే, అది తప్పిపోయుంటాది, ఎనకబండిలో వస్తాది, అదీ పాంశ్‌కుడా దాటుంటాది అన్నాడు." జోగమ్మ ఊపిరి తీసుకుంది. "ఆ బండి బాలిచక్ రాలేదే ఇందూ. బాలిచక్ రాకుండానే ఎల్లిపోనాడు."

ఇందు మెల్లగా వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ తబితని చూసింది.

తబిత లోపలికి వచ్చి జోగమ్మ ముందు కూలబడింది. "పిన్నీ, దాన్నేమనకు. దానికి తెలీదు. నువ్వు ఫోన్ చేసిన సంగతి నేనే చెప్పలేదు. ఫైనల్ పోతాదని దాచినాను."

జోగమ్మ ఆమె తలమీద చెయ్యి వేసింది.

"నీది మంచి మనసమ్మా. స్నేహితురాలని ఎనకేసుకొస్తన్నావు."

"కాదు పిన్నీ, నిజం. దేవుడి తోడు."

"దేవుడి మీద ఒట్టెయ్యకు, తప్పు. నువ్వు నాతో 'ఇప్పుడే చెప్తాను' అన్నావు, నా సెవులతో ఇన్నాను. తండ్రి మంచం మీదున్నాడంటే సెప్పని ఆడపిల్ల ఎక్కడైనా ఉంటాదేటి? నా కడుపున పుట్టినదే అలాటిదైతే నువ్వేటి సేస్తావు?"

తబిత మళ్ళీ చెప్పింది. చేతులు పట్టుకుని చెప్పింది. నీలవేణి ఆమెని లేవదీసి, "ఊరుకోమ్మా, నువ్వింత ఇదైపోతే ఎలాగ" అంటూ కళ్ళు తుడిచి, గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఎవరో వెనకనుంచి, పరాయి పిల్లకున్న పాటి ప్రేమ కన్నకూతురికి లేకపోయిందే అన్నారు. ఇందు విన్నది. విని, తండ్రి పాదాల దగ్గర వంగి దణ్ణం పెట్టి, లేచి, తబితని చెయ్యిపట్టి వసారాలోకి తీసుకొచ్చింది.

"ఒకటీ యాభై లోకల్ నాకు అందేదా?"

తెలీదంటే సరిపోయేది. ఇంకో అబద్ధం అయ్యేది, అంతే. తబితకి ఆ శక్తి కూడా మిగల్లేదు.

"అందేది. టైము చూసినాను."

ఇందు తల ఊపింది. గొంతు పెంచలేదు.

"మా యమ్మకి రేపొచ్చి మళ్ళీ చెప్పు. ఎల్లుండొచ్చి చెప్పు. ఏదో ఒకనాటికి నమ్ముతాది. నేను వెనకబండిలో వస్తన్నాననుకొనే పోయినాడు మా నాన్న. నాకు కబురే అందలేదని ఆయనకెవురు చెప్తారే?"

అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.