ఎముకసూది

ఇదిగో, నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డ అమ్మగారూ, మిమ్మల్నే! ఎముకల సూపు తాగితే ఎముకలు గట్టిపడతాయని నమ్మే బాపతేగా మీరు? అదే నిజమైతే రోజూ ఎద్దు తలకాయ సూపు జుర్రే మా బావమరిది ఈపాటికి జడ్జీ అయిపోవాలి. నవ్వింది చాలు గానీ కూర్చోండి. నాజు అనే ఊరి సంతలో సూపు కొట్టు నడిపే మీరాన్ సంగతి చెప్తాను.

మీరాన్‌కి ముట్లు ఆగి మూడేళ్లు. ఒంట్లో ఆవిర్లు, పట్టని నిద్ర, అవన్నీ ఎలాగో నెట్టుకొస్తోంది. అసలు భయం వేరే. వాళ్లమ్మ ఊరి స్నానశాలలో కాలుజారి, తుంటి విరిగి, మళ్లీ లేచి నడవలేదు. మొన్న ఎముకల పరీక్ష చేసిన డాక్టరమ్మ నామ్‌గుంగ్ కూడా, "మీవీ పలచబడుతున్నాయి. హార్మోను మాత్ర వాడదామా? ఆలోచించి చెప్పండి" అంది.

ఆ మాట చెవిన పడగానే మొగుడు దల్సూ గరిటె పైకెత్తాడు.

"మాత్రలెందుకే? మన కాగులో మరిగేవి ఎముకలు కావూ? పైన నాలాగా ఎముకసూది పొడిపించుకో. పేరులోనే ఉంది కదా ఎముక! నా భుజం చూడు, దూలం!"

కీళ్లనొప్పికి డాక్టర్లు వేసే ఆ ఇంజెక్షన్ని సంతలో అందరూ ఎముకసూది అనే అంటారు. మోకాలు పట్టేసినా, భుజం లాగినా పొద్దున వెళ్లి పొడిపించుకోవడం, సాయంత్రానికి గంతులెయ్యడం.

పక్కన చేపలమ్మే అక్కయ్య బెదరగొట్టింది. "హార్మోనా? మీసాలొస్తాయి చెల్లీ!"

"రానీ అక్కయ్యా," దల్సూ అందుకున్నాడు. "ఒక్క రేజరుతో ఇద్దరికీ సరిపోతుంది."

మీరాన్ కూడా నవ్వింది. కానీ బుర్రలో పురుగు తొలచడం మొదలెట్టింది. చేప ఆకారంలో కాల్చి చేపరొట్టె అని అమ్ముతారు, కొరికితే లోపల తీపి చిక్కుడు ముద్ద. చేప ముల్లు కూడా ఉండదు. మరి ఎముకసూదిలో ఎముకుందని ఎవరు చూశారు?

ఉండబట్టలేక వెళ్లి డాక్టరమ్మనే అడిగేసింది.

"అది స్టెరాయిడ్ అండీ. కీలు వాపు తగ్గిస్తుంది. ఎప్పుడో ఓసారైతే సరే. మాటిమాటికీ పొడిపించుకుంటే ఎముకనే గుల్ల చేస్తుంది."

"అమ్మో! మరి హార్మోను?"

"ఎముక ఓ పక్క కరుగుతూ, ఓ పక్క కట్టుకుంటూ ఉంటుంది. ముట్లున్నన్నాళ్లూ ఆడ హార్మోను ఆ కరుగుడుని అదుపులో పెడుతుంది. అది తగ్గాక కరిగేదే ఎక్కువ. మాత్ర వాడితే ఆ జోరు తగ్గుతుంది, విరిగే ప్రమాదమూ తగ్గుతుంది."

"ఆపేస్తే?"

"మళ్లీ కరగడం మొదలు."

"మా సూపు చాలదా?"

"ఆకలికి చాలు. ఎముకకి చాలదు."

"పోనీ, మీసాలు?"

డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. "రావు. కానీ అందరికీ ఇవ్వం. రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్లకీ, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లకీ ఇవ్వం. ఏటా చూపించుకోవాలి. మీకు అరవై దాటలేదు, ముట్లాగి ఎన్నాళ్లో కాలేదు. అందుకే అడిగా."

మీరాన్ మాత్ర మొదలెట్టింది.

రెండేళ్లకి మళ్లీ పరీక్ష. వేళాకోళం చెయ్యడానికి దల్సూ కూడా వెంటపడ్డాడు.

"ఎలా ఉంది డాక్టరుగారూ, గుల్ల ఎముకల మా పేలాల బస్తా?"

"తుంటి నిలదొక్కుకుంది. పోయినసారి కంటే కాస్త మెరుగే."

మీరాన్ రెండు చేతులతో మొహం కప్పుకుని, గట్టిగా ఊపిరి వదిలింది. దల్సూ మాత్రం మీసం దువ్వాడు.

"సూపు ఎవరిది మరి!"

"అలాగా! ఏవయ్యో, నువ్వూ ఈ పరీక్ష బల్ల ఎక్కి పడుకో. దూలం ఎలా ఉంటుందో డాక్టరుగారు కూడా చూస్తారు."

పెళ్లికొడుకులా జుట్టు సర్దుకుని పడుకున్నాడు. యంత్రం అటూ ఇటూ తిరిగింది. తెరవైపు చూసి డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది.

"ఎన్ని సూదులు పొడిపించుకున్నారు?"

దల్సూ వేళ్లు మడిచాడు. చేతివేళ్లు అయిపోయాయి. మేజోళ్ల వైపు చూసుకున్నాడు. మెల్లిగా లేచి కూర్చుని, పెళ్లానికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"డాక్టరుగారూ... ఆ ఆడవాళ్ల మాత్ర మొగాళ్లకి కూడా ఇస్తారా?"