హోమ్ అనే మాట

పక్కవాళ్ల మాటలు చెవిన వేసుకునే అలవాటు ఆ పెద్దావిడకు లేదు. కానీ మంచం పక్కనున్నది గోడ కాదు, కర్టెన్.

“హోమ్ కేరే నయమండీ,” అంటోంది ఆసుపత్రిలో డిశ్చార్జి పనులు చూసే అమ్మాయి.

“మేమూ అదే అనుకున్నాం. హోమ్‌కే చెప్పెయ్యండి,” అంది కోడలు.

తుంటి ఎముక విరిగిననాడు కూడా పెద్దావిడకు ఇంత భయం వేయలేదు. పక్కవీధి టైలరమ్మను కొడుకులు ‘హోమ్‌లో వేశారట’ అని అందరూ గొంతు తగ్గించి చెప్పుకున్నారు. తనూ తగ్గించే చెప్పింది. వృద్ధాశ్రమానికి వెళ్లిన టైలరమ్మ మళ్లీ ఆ వీధిలో కనిపించలేదు.

నడిచి చూపిస్తే పంపరు. అంతే తోచింది. వాకర్ దగ్గరకు లాక్కుని, పళ్ల బిగువున లేచింది. రెండో అడుగుకే మోకాలు వణికింది. వాకర్ గచ్చు మీద కిర్రుమంది.

కర్టెన్ తొలగింది. కోడలు వచ్చి నడుం పట్టుకుంది.

“ఎవరు లేవమన్నారు అత్తయ్యా? మళ్లీ పడితే?”

“నడుస్తున్నానుగా. నన్ను హోమ్‌లో వెయ్యకే. ఓ మూల కూర్చుని కూరలు తరుగుతాను. నోరు కూడా తగ్గించుకుంటాను.”

కోడలు ఆమెను మంచం మీద కూర్చోబెట్టింది. డిశ్చార్జి అమ్మాయి అంది: “హోమ్ కేర్ అంటే మీ ఇంట్లోనేనండీ. నర్సు వచ్చి కట్టు మారుస్తుంది. నడక నేర్పే ఆయన రోజూ వచ్చి వెళ్తాడు.”

“ఇల్లయితే ఇల్లనొచ్చుగా తల్లీ. దానికో పేరు లేనట్టు.”

“తప్పే. ఇంకోటి, రిహాబ్ సెంటర్. నడక కుదిరేదాకా కొన్ని వారాలు అక్కడే ఉంటారు. తర్వాత ఇంటికే. మీకేది కావాలి?”

ఆ ప్రశ్న తనదాకా రావడం ఇదే మొదలు. పెద్దావిడ ఇంకా వణుకుతున్న మోకాలి వంక చూసుకుంది.

“పగలు నువ్వూ అబ్బాయీ పనికెళ్తే నన్ను బాత్రూముకి ఎవరు తీసుకెళ్తారే?”

ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు.

“సెంటరనే రాయి తల్లీ,” అంది పెద్దావిడ. కోడలి చెయ్యి మాత్రం వదల్లేదు. “ఇంట్లో నా మంచం ఉన్నచోటే ఉండాలి. దాని మీద బట్టలు పోగెయ్యకండి.”

“పోగేస్తే ఊరుకుంటారా? నడిచొచ్చి మరీ తిడతారు.”

“అందుకేగా నడక నేర్చుకునేది,” అంది.