కోపిష్టి బాతు దిండ్లు

మా ఊళ్ళో దిండ్ల ఫ్యాక్టరీ పేరు గ్రంపీ గూస్. కోపిష్టి బాతు అన్నమాట. మెత్తటి దిండుకు ఆ పేరెవరు పెట్టారో తెలియదు గానీ, దుప్పటి కప్పుకుని ముఖం ముడుచుకున్న ఆ బాతు బొమ్మను ఒహాయో రాష్ట్రంలో ఎరగనివాళ్ళు లేరు. పొరుగూరివాళ్ళు మేం కనపడితే చాలు, బాతులా అరిచేవాళ్ళు. ఫ్యాక్టరీ మూతపడి పదకొండేళ్ళయింది. ఇప్పుడెవరూ అరవరు.

మూసినప్పుడు గోదాములో మిగిలిన దిండ్లన్నీ నేనే కొన్నాను. నాది పాత సామాను కొట్టు. ఊరి మీద మమకారంతో కొనలేదు, ఆరు నెలల్లో అమ్ముడుపోతాయనుకున్నాను. నలభై ఒకటి ఇంకా అటక మీదే ఉన్నాయి.

మార్చిలో వెర్నా హ్రుస్కా వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు దిండు మూతులు కుట్టిన మనిషి. పక్క కుర్చీలో ఆమె చెల్లెలు ఆల్మా కుట్టేది. ఆల్మా పోయి అప్పటికి మూడు వారాలు.

"ఏవయ్యా మెర్ల్, ఆ బాతులింకా ఉన్నాయా?"

"ఉన్నాయి. గుడ్లే పెట్టడం లేదు."

ఆమె నవ్వలేదు. "పదిహేడో నంబరుది ఒకటి కావాలి. మా ఆల్మా కుట్టింది."

అక్కడ పొద్దున్నే ఒక్కొక్కరికి తమ నంబరున్న చీటీలు అరవై ఇచ్చేవారు. దిండుకొకటి లోపల పెట్టి మూతి కుట్టేయాలి. సాయంత్రానికి చీటీలు మిగిలితే సూపర్‌వైజరు అందరి ముందూ నిలబెట్టి అడిగేవాడు.

"కోస్తే గానీ తెలియదు వెర్నా గారూ. కోసింది ఎవరూ కొనరు."

"కోయనివి కొంటున్నారేంటి?"

బ్లేడు తెచ్చాను.

నాలుగో దిండులో పదిహేడు దొరికింది. ఆమె చీటీ వైపు చూడలేదు. కుట్టు మీద బొటనవేలు నడిపింది.

"ఇది నాది. కుట్టు ఎడమకి వాలింది చూడు. అక్కడ ఎడమచేతివాటం నా ఒక్కదానికే."

"చీటీ ఆల్మా గారిదేగా?"

"దాని వేళ్ళు బిగుసుకుపోయాయి. చివరి నెలల్లో అది సూదుల్లోకి దారాలెక్కించి ఇచ్చేది. దాని చీటీలు కూడా నేనే కుట్టేసేదాన్ని." ఆ దిండు పక్కన పెట్టింది. "ఒక్కటైనా అది కుట్టి ఉండదా అని."

ఎడమకు వాలిన కుట్లన్నీ పక్కన పెట్టేసి, కుడికి వాలినవి కోస్తూ పోయాం. అయిదు, పన్నెండు, తొమ్మిది. ఎవరెవరివో. కొట్టంతా ఈకలు. పదిహేడు లేదు. చివరి దిండు కుట్టు కుడికే వాలింది గానీ, ఒక పోగు పొడవూ ఒక పోగు పొట్టీ, వంకరటింకరగా ఉంది. చీటీ తీసి చదివాను.

"ఇరవై మూడు."

"అది నా నంబరు," అంది వెర్నా.

దిండు అందుకుని కుట్టును చాలాసేపు చూసింది.

"నేను పన్ను పీకించుకుని మధ్యాహ్నమే ఇంటికెళ్ళిపోయిన రోజిది. తెల్లారి భయపడుతూ వెళ్తే చీటీలు మిగల్లేదన్నాడు సూపర్‌వైజరు. వాడే లెక్క తప్పాడనుకున్నాను. మా ఆల్మా కూడా ఏమీ చెప్పలేదు."

ఏడవలేదు. దిండు మూతిని గుప్పిట్లో నొక్కిపట్టుకుని లేచింది.

"ఎంతివ్వను?"

"కోసినవాటికి ధర లేదు."

గుమ్మం దగ్గర ఆగి ఈకల వైపు చూసింది. "రేపొచ్చి ఇవన్నీ కుట్టేస్తాలే. నాకిప్పుడు చూపానదు. సూదిలోకి దారం నువ్వెక్కించాలి."

నాకూ అంతగా ఆనదు. సరేనన్నాను.